చెట్టు ఆకుపై క్రొత్త శిలీంధ్రమును గుర్తించు విధము: కాఫీ కుంకుమతెగులు నేర్పిన పాఠము

పైరునకు గాని చెట్టునకు గాని తెగులు సోకినపుడు రైతు మొట్టమొదట అడుగు ప్రశ్న “దీనికి మందేమి?” అనునది. అంతకు ముందుగా అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. “ఇది ఏ తెగులు?” అనునదే ఆ ప్రశ్న. పసుపు మచ్చ కనబడిన ప్రతి ఆకునకును ఒకే రోగమని తలచి మందు చల్లినచో ధనమును, దినములును వ్యర్థమగును. ఈలోగా అసలు తెగులు తోటయంతట వ్యాపించును. కావున తెగులును కలిగించు శిలీంధ్రమును నిపుణులు ఎట్లు గుర్తింతురో, అది ఇదివరకు ఎరుగని జాతియైనచో దానికి పేరెట్లు పెట్టుదురో, ఆ పనికి రైతు చేయదగిన సాయమేమో ఈ కరపత్రమున వివరింపబడినది. ఉదాహరణముగా కాఫీ ఆకు కుంకుమతెగులు గ్రహింపబడినది. అరకు, పాడేరు, చింతపల్లి మన్యములందు కాఫీ పండించు వారికి ఇది స్వానుభవమే. మామిడి, నిమ్మ, తాడి మొదలగు చెట్లు గల రైతులకును ఇందలి పాఠము వర్తించును.

శిలీంధ్రమనగా నేమి?

నిలువయున్న రొట్టెపై పట్టు బూజు, వానకాలమున పాతకట్టెపై మొలచు పుట్టగొడుగు, ఇవి రెండును శిలీంధ్రములే. వీనికి పచ్చదనము లేదు. ఎండ సాయముతో స్వయముగా ఆహారము చేసికొనజాలవు గనుక ఇవి ఇతర జీవులనో, చచ్చిన పదార్థములనో ఆశ్రయించి బ్రదుకును. శరీరము సాలెపోగుకంటె సన్నని తంతువులతో ఏర్పడియుండును. వీనికి విత్తనములవలె పనిచేయునవి సిద్ధబీజములు. ఇవి గాలిలో ధూళివలె ఎగిరి, తడి తగిలినచోట మొలకెత్తును.

ఆకులపై నివసించు శిలీంధ్రములన్నియు హాని చేయునవి కావు. కొన్ని ఆకుపైని మాలిన్యమును మాత్రము తిని బ్రదుకును. మరికొన్ని ఆకులోనికి చొచ్చి దాని సారమును పీల్చును. ఈ భేదము తెలియుటకే గుర్తింపు అవసరము.

సింహళమున 1869వ సంవత్సరమున జరిగినది

పందొమ్మిదవ శతాబ్ది నడుమ సింహళద్వీపమున కొండలు నరికి కాఫీతోటలు వేసిరి. కొండ వెనుక కొండ, తోట వెంట తోట, నడుమ అడవి లేక ఒకే పంట పెరిగెను. 1870 ప్రాంతమున ఆ దీవినుండి ఏటికి సుమారు 10 కోట్ల పౌనుల కాఫీగింజలు ఎగుమతి యగుచుండెను.

1869లో కొన్ని తోటలలో ఆకుల అడుగున నారింజరంగు పొడి కనబడెను. పైభాగమున లేతపసుపు మచ్చలు ఏర్పడి, ఆకులు కాలము రాకమునుపే రాలజొచ్చెను. పెరదెనియా ఉద్యానవనాధ్యక్షుడైన థ్వెయిట్సు ఆ ఆకులను ఇంగ్లండునకు పంపెను. వానిని పరీక్షించినవాడు బర్క్‌లీ. ఆయన క్రైస్తవ మతగురువు. శిలీంధ్ర శాస్త్రమున ఆ కాలమున మిక్కిలి ప్రసిద్ధుడు. ఐర్లండులో బంగాళాదుంపపైరును మాడ్చివేసిన తెగులునకు శిలీంధ్రమే కారణమని 1846లోనే వాదించినవారిలో ఆయన ప్రముఖుడు. ఆయన తన సహచరుడైన బ్రూమ్‌తో కూడి కాఫీ ఆకుపైని శిలీంధ్రము లోకమున ఇదివరకు వర్ణింపబడనిదని నిశ్చయించి, 1869లోనే దానికి హెమిలియా వాస్టాట్రిక్సు అని పేరు పెట్టెను.

ఈ పేరునకు అర్థము కలదు. మొదటి మాట ప్రజాతి నామము. దానికి గ్రీకుభాషలో సగము నున్ననిది అని భావము. ఈ శిలీంధ్రపు సిద్ధబీజము నారింజతొన ఆకారమున నుండును. ఉబ్బినవైపు చిన్నచిన్న ముండ్లుండును. చదునైనవైపు నున్నగా నుండును. రెండవ మాట జాతి నామము. దానికి లాటిన్‌లో నాశనము చేయునది అని భావము. ఆ భావము ఇరువది ఏండ్లలో అక్షరాల నిజమాయెను.

పేరు తెలిసియు తోటలు ఏల నశించెను?

పేరు పెట్టిన మాత్రమున తెగులు నిలువదు. శిలీంధ్రము ఎట్లు పుట్టును, ఎట్లు ప్రయాణము చేయును, ఆకులోనికి ఏ ద్వారమున ప్రవేశించును అను సంగతులు కూడ తెలియవలెను. సింహళమున పేరు తెలిసిన తరువాత పదేండ్ల వరకు ఈ సంగతులు తేలలేదు. వర్షాధిక్యమే కారణమని కొందరు, నేల సారము తగ్గుటయే కారణమని కొందరు నమ్మి ఎరువులు వేయుచు కాలము గడపిరి.

1880లో మార్షల్ వార్డు అను యువశాస్త్రజ్ఞుడు ఇంగ్లండునుండి సింహళమునకు వచ్చి తోటలలోనే ఉండి పరిశోధన చేసెను. జిగట పూసిన గాజుపలకలను తోటలలో నిలిపి, గాలిలో కొట్టుకొనివచ్చు సిద్ధబీజములను పట్టి సూక్ష్మదర్శినిలో చూచెను. ఆయన పరిశోధనమువలనను, తరువాతివారి కృషివలనను తేలిన సంగతులివి:

ఒకటి. సిద్ధబీజము మొలకెత్తుటకు ఆకుపై నీటితడి ఉండితీరవలెను. గాలిలో చెమ్మ మాత్రము చాలదు. వేడిమి 20 మొదలు 25 డిగ్రీల సెంటిగ్రేడు వరకు నున్నపుడు ఇది చక్కగా మొలకెత్తును.

రెండు. కాఫీ ఆకునకు పత్రరంధ్రములు అడుగుభాగమున మాత్రమే కలవు. శిలీంధ్రపు మొలక ఆ రంధ్రములనుండియే లోనికి దూరును. కనుకనే పొడి ఎల్లప్పుడును ఆకు అడుగుననే కనబడును.

మూడు. లోనికి చొచ్చిన తరువాత మూడు మొదలు ఐదు వారముల వరకు పైకి ఏ గురుతును స్పష్టముగా కనబడదు. రైతు చూచి ఆరోగ్యముగా నున్నదనుకొను ఆకులో అప్పటికే రోగముండును.

నాలుగు. ఒక్క మచ్చనుండి లక్షకు పైగా సిద్ధబీజములు వెలువడును. గాలి, వానచినుకులు, పురుగులు, తోటలో తిరుగు కూలీల బట్టలు వానిని మోయును.

ఈ జ్ఞానము సిద్ధించునప్పటికి ఆలస్యమైపోయెను. అడ్డుగాలి చెట్లు లేక కొండలన్నియు ఒకే పంటతో నిండియుండుటచే తెగులునకు ఆటంకము లేకపోయెను. 1889 నాటికి కాఫీ ఎగుమతి సుమారు 50 లక్షల పౌనులకు పడిపోయెను. తోటలకు అప్పులిచ్చిన ఓరియంటల్ బ్యాంకు 1884లో మూతపడెను. తోటల యజమానులు కాఫీమొక్కలను పెరికి తేయాకు నాటిరి. సింహళము కాఫీకి మారు తేయాకునకు పేరు పొందుటకు ఇది ముఖ్యకారణము.

క్రొత్త జాతియని నిర్ణయించు క్రమము

ఆకుపై క్రొత్తమచ్చ కనబడినంతనే క్రొత్త శిలీంధ్రమని చెప్పరాదు. నిపుణులు ఈ క్రింది క్రమమును అనుసరింతురు.

మొదట చెట్టు ఏదియో నిశ్చయింతురు. కుంకుమజాతి శిలీంధ్రములు సామాన్యముగా ఒక చెట్టునో, దాని దగ్గరి బంధువులనో ఆశ్రయించును గాని అన్నింటిపై బ్రదుకవు. చెట్టు పేరు తప్పినచో శిలీంధ్రము పేరును తప్పును.

తరువాత మచ్చ ఆకారము, రంగు, ఆకు పైననా అడుగుననా అను విషయములు వ్రాసికొందురు. పిమ్మట ఆకును మిక్కిలి పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షింతురు. కుంకుమతెగుళ్లు అనేకములు ఆకు పైపొరను చీల్చుకొని వెలికి వచ్చును. కాఫీ కుంకుమ మాత్రము పొరను చీల్చక, పత్రరంధ్రమునుండియే పూలగుత్తివలె వెలువడును. బర్క్‌లీ దీనిని క్రొత్త ప్రజాతిగా ఎంచుటకు ఇట్టి లక్షణములే ఆధారము.

ఆపైన సిద్ధబీజములను కొలుతురు. కాఫీ కుంకుమ సిద్ధబీజము పొడవు సుమారు 30 మైక్రానులు. అనగా మిల్లీమీటరులో ముప్పదిమూడవ వంతు. అంగుళము పొడవునకు వానిని వరుసగా పేర్చినచో 800కు పైగా పట్టును. ఒకటి రెండు కొలిచి ఊరకొనక అనేకములను కొలిచి, కనిష్ఠ గరిష్ఠ పరిమాణములను వ్రాయుదురు.

ఈ లక్షణములను పూర్వగ్రంథములందలి వర్ణనలతోను, భద్రపరచిన పాత నమూనాలతోను పోల్చుదురు. ఇందుకొరకే ఎండుటాకుల భాండాగారములు ఏర్పడినవి. బర్క్‌లీ సేకరించిన శిలీంధ్ర సంచయము 1879లో ఇంగ్లండునందలి క్యూ ఉద్యానవనమునకు చేరెను. భారతదేశమున బట్లరు అను శాస్త్రజ్ఞుడు బీహారునందలి పూసాలో 1905లో ఇట్టి భాండాగారమును స్థాపించెను. అది తరువాత ఢిల్లీకి చేరి నేటికిని అచట నడచుచున్నది.

శిలీంధ్రమే రోగకారణమని రుజువు కావలెనన్న మరియొక పరీక్ష కలదు. రోగపు ఆకునుండి తీసిన సిద్ధబీజములను ఆరోగ్యమైన ఆకుపై తడిలో ఉంచి, అదే మచ్చ, అదే సిద్ధబీజము మరల పుట్టునేమో చూచెదరు. పుట్టినచో సందేహము తీరును.

ఇన్నియు సరిపోయిన పిమ్మట రెండు మాటల శాస్త్రీయ నామము నిచ్చి, వర్ణనతో ప్రకటింతురు. ఏ ఆకును చూచి పేరు పెట్టిరో ఆ ఆకును మూలనమూనాగా శాశ్వతముగా భద్రపరతురు. 1935 మొదలు 2011 వరకు క్రొత్త జాతివర్ణన లాటిన్ భాషలో ఉండవలెనను నియమముండెను. 2012 నుండి ఇంగ్లీషునందైనను వ్రాయవచ్చును. 2013 నుండి క్రొత్త శిలీంధ్ర నామమునకు నమోదు సంఖ్య తప్పనిసరి యాయెను. నేడు కంటిచూపునకు తోడు, శిలీంధ్రకణములందలి డి.ఎన్.ఏ. క్రమమును కూడ పోల్చుచున్నారు. అయినను మచ్చను చూచుట, సిద్ధబీజమును కొలుచుట అను పాతపని మానబడలేదు.

ఈ క్రమము ఎంత ఉపకారియో తెలియుటకు ఒక నిదర్శనము చాలును. ఆఫ్రికాఖండమున కామెరూనునందు కాఫీ ఆకులపై వేరొక కుంకుమ కనబడెను. ఇందు పొడి విడివిడి మచ్చలుగా కాక ఆకు అడుగంతయు పరచుకొనియుండెను. సిద్ధబీజములపై ముండ్లు తక్కువగాను, పొడవుగాను ఉండెను. దీనిని 1934లో హెమిలియా కాఫియికోలా అను వేరుజాతిగా ప్రకటించిరి. చెట్టొకటే, రంగొకటే, జాతులు రెండు.

పోలికచే మోసపుచ్చు మచ్చలు

రైతు తోటలోనే చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. ఒక భూతద్దము, ఒక తెల్లగుడ్డ చాలును.

ఆకు అడుగున గుడ్డతో తుడిచినపుడు నారింజరంగు పొడి అంటి, పైభాగమున పసుపుమచ్చ ఉన్నచో కాఫీయందు అది కుంకుమతెగులని భావింపవచ్చును.

మచ్చ గోధుమరంగున గుండ్రముగా నుండి, నడుమ బూడిదరంగు కన్నువలె కనబడి, నారింజపొడి లేనిచో అది సెర్కొస్పొరా అను శిలీంధ్రపు మచ్చ కావచ్చును. నీడ చాలక ఎండ మిక్కుటమైనచోట, మొక్కలకు సారము తక్కువైనచోట ఇది అధికము.

ఆకుపై మసివంటి నల్లని పూత ఉండి వ్రేలితో తుడిచినచో ఊడివచ్చి, క్రింద ఆకు పచ్చగానే ఉన్నచో అది మసి తెగులు. మామిడి, నిమ్మలపై ఇది తరచుగా కనబడును. రసము పీల్చు పురుగులు విసర్జించు తీపిజిగటపై ఈ శిలీంధ్రము పెరుగును, ఆకులోనికి చొరదు. ఇచట వెదకవలసినది పురుగును. పురుగు పోయినచో మసియు పోవును.

మామిడి, జామ ఆకుల పైభాగమున ఇటుకరంగు మచ్చలు మఖమలువలె నూగుగా లేచియుండుట కలదు. చూచినవారెల్లరు కుంకుమతెగులే అందురు. నిజమునకు అది శిలీంధ్రమే కాదు. సెఫాల్యూరాసు అను నాచుజాతి మొక్క. గాలి వెలుతురు చాలని గుబురుకొమ్మలయందు ఇది హెచ్చు. కొమ్మలను కత్తిరించి గాలి ఆడజేయుట దీనికి ముఖ్యమైన చికిత్స.

రంగొకటే అయినను కారణములు వేరు, చికిత్సలు వేరు అని దీనివలన తెలియును.

గోదావరి తాటితోపులందలి అనుభవము

తెలుగుదేశమున గూడ ఇట్టి గుర్తింపు ఒకటి జరిగెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున గోదావరి డెల్టాలో తాడిచెట్లు మొవ్వు కుళ్లి చచ్చుచుండెను. కొబ్బరికిని ఆ రోగము సోకుచుండెను. పూసాలోని బట్లరు ఈ రోగమును పరిశీలించి, మట్టల అడుగుభాగమున మచ్చగా మొదలై లోలోపలికి చొచ్చి మొవ్వును చేరు సూక్ష్మజీవి ఒకటి కారణమని చూపి, 1907లో దానికి పిథియం పామివోరం అని పేరు పెట్టెను. 1919లో ఆయనయే దానిని ఫైటోఫ్తొరా అను ప్రజాతికి మార్చెను. నేటి శాస్త్రము దీనిని నిజమైన శిలీంధ్రములలో చేర్చక, నీటిబూజులను వేరొక వర్గమున ఉంచినది.

రోగము మట్టలయందు మొదలై మొవ్వునకు ప్రాకునని తెలిసినందువలన, రోగపుచెట్ల తలలను నరికి కాల్చివేయు పద్ధతి అమలునకు వచ్చెను. వేరులయందో, నేలయందో దోషమున్నదని తలచియుండినచో ఎరువులును, కాలువనీరును మార్చుచు కాలము గడచెడిది. చచ్చిన మొవ్వులనుండి రోగము ప్రక్కచెట్లకు ప్రాకుచునే ఉండెడిది.

కాఫీ కుంకుమకు నేటి నివారణ

శిలీంధ్రము ఆకులోనికి చొచ్చిన పిమ్మట పైని పూసిన మందు దానిని చేరజాలదు. కావున సిద్ధబీజము మొలకెత్తుటకు ముందే మందు ఆకుపై ఉండవలెను. ఫ్రాన్సుదేశమున బోర్డో నగరపు ఆచార్యుడు మిల్లార్డే 1885లో ద్రాక్షతెగులునకు ప్రకటించిన మైలుతుత్తపు సున్నపునీరు, అనగా బోర్డో మిశ్రమము, ఇందుకు నేటికిని ఉపయోగపడుచున్నది.

కాఫీకి అరశాతపు మిశ్రమము చాలును. 100 లీటర్ల నీటికి మైలుతుత్తము అరకిలో, మంచి కాల్చిన సున్నము అరకిలో కావలెను. ఇనుపపాత్ర వాడరాదు. మైలుతుత్తమును సగము నీటిలోను, సున్నమును మిగిలిన సగములోను వేరువేరుగా కలిపి, వడగట్టి, రెండింటిని ఒకేసారి మూడవ పాత్రలో పోయుచు కలియబెట్టవలెను. మెరయు చాకును మిశ్రమమున కొంతసేపు ముంచి తీసినపుడు దానిపై రాగిపూత పట్టినచో సున్నము చాలలేదని గ్రహించి మరికొంత సున్నపునీరు చేర్చవలెను. కలిపిన దినముననే వాడవలెను. వానలకు ముందు ఒకసారి, నైరుతి వానలు వెనుకపట్టిన తరువాత ఒకసారి పిచికారి చేయుట మంచిది. ఆకు అడుగుభాగము తడియవలెను. పైభాగము మాత్రము తడిపినచో ప్రయోజనము స్వల్పము.

నీడచెట్లను తగుమాత్రముగా నరికి గాలియాడునట్లు చేయుట, కాఫీచెట్ల పనికిరాని కొమ్మలు తీసివేయుట ఆకుపై తడి త్వరగా ఆరుటకు సాయపడును.

తెగులునకు తట్టుకొను రకములను ఎన్నుకొనుట మరియొక మార్గము. మైసూరు సంస్థానమున బాలెహొన్నూరునందు 1925లో స్థాపింపబడిన కాఫీ పరిశోధనస్థానమున మేన్ అను శాస్త్రజ్ఞుడు 1930 తరువాతి ఏండ్లలో ఒక ముఖ్యవిషయము కనిపెట్టెను. కంటికి ఒకటిగా కనబడు ఈ శిలీంధ్రజాతిలోనే వేరువేరు తెగలు కలవనియు, ఒక తెగకు లొంగని రకము మరియొక తెగకు లొంగుననియు ఆయన చూపెను. నేటికి అట్టి తెగలు 50కి పైగా గుర్తింపబడినవి. అచటనే 1940 తరువాతి దశకమున వెలువడిన ఎస్. 795 రకము దక్షిణదేశమున విరివిగా వ్యాపించినది; కాలక్రమమున దాని నిరోధశక్తి కొంత సడలినది. 2007లో చంద్రగిరి అను రకము విడుదలయైనది. ఏ రకమును శాశ్వతముగా తెగులు సోకనిదని నమ్మరాదు. 1970లో బ్రెజిలునందును, 2020లో హవాయి దీవులందును ఈ తెగులు క్రొత్తగా అడుగుపెట్టెను. దూరమే రక్షయని నమ్మిన దేశములకును రక్ష లేకపోయెను.

ఆకు నమూనా పంపు విధము

థ్వెయిట్సు ఆకులు పంపకున్నచో బర్క్‌లీకి పేరు పెట్టు అవకాశమే లేదు. క్రొత్తతెగులును మొదట చూచువాడు తోటలో తిరుగు రైతే గాని ప్రయోగశాలలోని పండితుడు కాడు. కావున ఎన్నడును చూడని మచ్చ కనబడినచో రైతులు ఈ విధముగా చేయవలెను.

రోగము అప్పుడే మొదలైన ఆకులు, నడిమిదశయందున్నవి, ముదిరినవి, వానితోపాటు ఆరోగ్యమైన ఆకులు కొన్ని కోయవలెను. పూర్తిగా కుళ్లిన ఆకులు పనికిరావు. వానిపై వేరు బూజులు చేరి అసలు కారణమును కప్పివేయును. తడి తుడిచి, పాత వార్తాపత్రికల మడతల నడుమ పరచి, పైన బరువు పెట్టి, కాగితములను దినమున కొకసారి మార్చుచు ఎండనీయవలెను. తడి ఆకులను ప్లాస్టిక్కు సంచిలో మూసి పంపరాదు. చెట్టు పేరు, రకము, ఊరు, కోసిన తేదీ, ఎన్ని చెట్లకు సోకినది, ఎన్ని దినములనుండి, ఇటీవల వాన యెట్లుండెను, ఏ మందులు చల్లినది, అను వివరములు ఒక చీటిపై వ్రాసి జతపరచవలెను. నమూనాను సమీపమున నున్న వ్యవసాయ పరిశోధనస్థానమునకో, కృషి విజ్ఞాన కేంద్రమునకో చేర్చవలెను. జవాబు వచ్చువరకు ఆ తోటనుండి అంట్లు, నారు, మొక్కలు పొరుగూరికి పోనీయరాదు.

సింహళమున పేరునకును, జీవితక్రమము తెలియుటకును నడుమ పదేండ్లు గడచెను. ఆ పదేండ్లే ఆ దీవి కాఫీని బలిగొన్నవి. ఆకు వెనుకవైపు త్రిప్పి చూచుటకు రైతునకు ఒక్క నిమిషము చాలును. వానకాలమున వారమునకొకసారి తోటలో నడచి, ప్రతి వరుసలో కొన్ని చెట్ల ఆకులను త్రిప్పి చూచు అలవాటు గల రైతు తెగులును మొదటి మచ్చనాడే పట్టుకొనగలడు.